ముందు 20 సంచులే పెట్టు

నాన్నా,

నిన్న ఫోన్లో నువ్వు 300 పుట్టగొడుగుల సంచులు ఒకేసారి పెడతానంటే సరేనని ఊరుకున్నాను గానీ, రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఇంకేదో అడుగుతావు, చెప్పాల్సింది నేను మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను. పుట్టగొడుగులు వద్దని చెప్పడానికి కాదు. మొదటిసారి 20 సంచులే పెట్టమని అడగడానికి.

నేను మొదలుపెట్టినప్పుడు 60 సంచుల్లో గడ్డీ విత్తనమూ ఒక్కరోజే నింపాను. నువ్వు పెడదామనుకుంటున్న ముత్యపు చిప్ప పుట్టగొడుగులే. పంట బాగా వచ్చింది. మూడు వారాలు కాసింత కూడా లేనిది, ఆ తర్వాత రెండు రోజుల్లో గదంతా విచ్చుకుంది. కోయకుండా ఒక్కరోజు ఆపితే అంచులు పైకి తిరిగి పలచబడతాయి, తెల్లటి పొడి రాలుతుంది. కోస్తే మర్నాటికే వాడిపోతాయి. విత్తనం అమ్మినాయన పంటంతా తానే కొంటానని మాటిచ్చాడు. ఆ రోజు ఫోన్ ఎత్తలేదు. సగానికి పైగా ఎరువు గుంతలో పోశాను. మీ నాన్న ఒక్క మాట అనలేదు. ఆ గుంత దగ్గర ఎంతసేపు నిలబడ్డానో నాకింకా గుర్తే.

అప్పటినుంచి నాలుగు రోజులకోసారి 5 సంచులే నింపుతున్నాను. ఒక్కో సంచి వారం పది రోజుల తేడాతో రెండు మూడు కోతలిస్తుంది, మొదటిదే పెద్దది. ఇలా విడివిడిగా నింపితే కొన్నాళ్లకు రోజు విడిచి రోజైనా కోత ఉంటుంది. ఒకరోజు గంపెడు తెచ్చి పది రోజులు కనబడని వాళ్ల దగ్గర ఏ హోటలువాళ్లూ కొనరు. లెక్క కూడా తక్కువే వేసుకో. కిలో ఎండుగడ్డికి కోతలన్నీ కలిపి అరకిలో నుంచి కిలో దాకా వస్తాయి. నువ్వు అరకిలోనే అనుకో.

అసలు పనంతా గడ్డిలోనే ఉంది. అంగుళం, రెండంగుళాల ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, మర్నాడు 70, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచాలి. థర్మామీటర్ కొనుక్కో, చేత్తో అంచనా వెయ్యకు. తర్వాత నీడలో, శుభ్రమైన గుడ్డమీద ఆరబెట్టు. ఎంత ఆరిందో పిడికిట్లో పట్టి పిండితే తెలుస్తుంది. నీటి చుక్క రాలకూడదు, అరచెయ్యి మాత్రం చెమ్మగా ఉండాలి. తడి ఎక్కువైతే అడుగున కుళ్లి పుల్లటి వాసన వస్తుంది, పచ్చ బూజు పడుతుంది. బూజు పట్టిన సంచిని గదిలో విప్పకు, అలాగే బయటికి తీసుకెళ్లు. విప్పితే ఆ పొడి మిగతా వాటిమీద పడుతుంది. కొనే విత్తనం గింజలమీద తెల్లగా దూదిలా అల్లుకుని ఉండాలి. అందులో పచ్చ చుక్కో నల్ల చుక్కో కనిపిస్తే వెనక్కిచ్చెయ్.

సంచి లోపల తెల్లగా అల్లుకునేదాకా చీకటి చాలు. సంచికి గాట్లు పెట్టాక మాత్రం వెలుతురు, గాలి, తేమ మూడూ కావాలి. గాలి ఆడకపోతే కాడలు పొడుగై గొడుగులు చిన్నవైపోతాయి. వాటిని చూసి కిటికీ తెరువు. నీళ్లు నేలమీద, గోడలమీద చల్లు, మొగ్గలమీద ధారగా పడనివ్వకు.

ఒక్క విషయంలో నా మాట కాదనొద్దు. కోతకు వెళ్లినప్పుడల్లా మాస్కు పెట్టుకో. ఆ తెల్లటి పొడి గాల్లో తేలుతూనే ఉంటుంది. మాస్కు లేకుండా కోసినన్నాళ్లూ నన్ను పొడిదగ్గు వదల్లేదు. నీకు చిన్నప్పుడే ఆయాసం ఉండేది, ఎన్ని రాత్రులు నిన్ను భుజాన వేసుకుని కూర్చున్నానో. అంచులు విచ్చుకోకముందే కోస్తే ఆ పొడీ తగ్గుతుంది, సరుకూ బాగుంటుంది.

ఉద్యోగం ఇప్పుడే మానకు. 20 సంచులు చూసుకోవడానికి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చాలు. టెన్షన్ లేకుండా నేర్చుకో.

విత్తనానికి చెప్పేముందు, కొనేవాళ్లు ముగ్గురిని కలిసి వారానికి ఎంత కావాలో అడిగి, రాసి నాకు పంపు. గడ్డి నువ్వు రాత్రి నానబెట్టి ఉంచు. పొద్దున్నే నేనొచ్చి పిండి చూస్తాను.

అమ్మ