ఐసు దీపాలు, ఆవకాయ సీసా, తడిసిన గ్లౌజులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత శనివారం మన తెలుగు బడి వెనక పిల్లలు పెట్టిన ఐసు దీపాల (నీళ్లు గడ్డకట్టించి, బోలుగా వచ్చిన ఐసు గడ్డ లోపల వెలిగించే దీపాలు) మీద వాట్సాప్ గ్రూపులో చర్చ గట్టిగానే నడిచింది. మినియాపొలిస్ చలిలో పిల్లల్ని బయట నిలబెట్టడమేమిటని కొందరు, గాజు పగిలిందట కదా అని మరికొందరు అడిగారు. ఆ రోజు 10 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 12 సెల్సియస్. పిల్లలు బయట ఉన్నది ఇరవై నిమిషాలు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పగిలింది బకెట్‌కు బదులు నీళ్లు గడ్డకట్టించి ఒక ఇంటి నుంచి పంపిన ఆవకాయ సీసా. రాత్రే నెర్ర విచ్చింది, బల్ల మీద పెట్టగానే రెండు ముక్కలైంది. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ప్లాస్టిక్ కాస్త సాగి ఓర్చుకుంటుంది, గాజు ఓర్చుకోదు. ప్లాస్టిక్ బకెట్ అని రెండుసార్లు రాశాం. సీసాను వాసన లేకుండా కడిగి పంపినందుకు సంతోషం, ఇక మీదట మాత్రం గాజు వద్దండీ.

చాలామంది దీపం ఇంటిదగ్గరే ముక్కలైందని రాశారు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. ఒక గ్యాలన్ ఐస్‌క్రీమ్ బకెట్ చాలు. అంచుకు రెండంగుళాలు తక్కువగా నీళ్లు పోసి, మంచు మీద పెట్టండి. పైనా పక్కలా ముందు గడ్డకడుతుంది. కింద ఉన్న మంచు దుప్పటిలా పనిచేస్తుంది కనుక అడుగు చివరిదాకా నీళ్లగానే ఉంటుంది. మైనస్ 12లో ఒక రాత్రి పడుతుంది, మైనస్ 20 అయితే ఎనిమిది గంటలకే చూడండి. గోడ అంగుళం మందం రావాలి. పల్చగా ఉంటే తీసేటప్పుడే విరుగుతుంది, మరిచిపోతే మొత్తం గడ్డై దీపానికి చోటుండదు. గడ్డ బకెట్‌లోంచి బయటకు జారకపోతే పావుగంట ఇంట్లో ఉంచండి. వేడినీళ్లు పోశారో, టప్పున చిట్లుతుంది. బోర్లించి, పల్చటి అడుగును పెద్దవాళ్లే స్క్రూడ్రైవర్‌తో పొడిచి లోపలి నీళ్లు వంచాలి. ఆ నీళ్లు దయచేసి మెట్ల మీద పోయకండి. తెల్లారేసరికి ఎవరో ఒకరు జారి పడతారు.

రంగు ఎందుకు నిలవలేదో కనిపెట్టింది మాత్రం రెండో తరగతి అమ్మాయిలిద్దరు. గడ్డకట్టే ఐసు తనలో కలవని దాన్ని లోపలికి నెట్టేస్తుంది, అందుకే ఫుడ్ కలరంతా నడిమధ్య నీళ్లలో చేరి, వాటితోపాటే ఒలికిపోయింది. వాళ్లు రంగు మానేసి రంగుల ఎల్ఈడీ దీపాలు పెట్టారు. చలికి బ్యాటరీ నీరసించకుండా వెలిగించేదాకా జేబులో ఉంచుకున్నారు కూడా! నాలుగో తరగతివాళ్లు 5 చుక్కలు, ఎదురు చుక్క 1 వచ్చే వరకు లెక్కవేసి, 13 చుక్కలకు 13 దీపాలు పేర్చారు. సాయంత్రం అయిదింటికి చీకటి పడగానే వెలిగిస్తే, మంచు మీద సంక్రాంతి ముగ్గు. ఒకటో తరగతి బాబు వేలాడదీసే ఐసు బిళ్ల కోసం బేకింగ్ పళ్లెంలో నీళ్లు పోసి బంతిరేకులు వేస్తే అన్నీ తేలి ఒక మూలకు చేరాయి. రెండోసారి అరంగుళం ముందు గడ్డకట్టించి, రేకులు పేర్చి, మీద చల్లటి నీళ్లు పల్చగా పోశాడు. వేలాడదీయడానికి నైలాన్ దారం కాదు, జనపనార తాడు. నున్నటి దారాన్ని ఐసు పట్టుకోదు.

ఇక ఒక మాట, కాస్త గట్టిగానే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పిల్లల్ని హీటర్ పక్కన, టాబ్లెట్ ముందు కూర్చోబెడితే అది పెంపకం కాదు, నిల్వ చేయడం. సెయింట్ పాల్‌లో 1886లోనే ఐసు భవనం కట్టి వింటర్ కార్నివాల్ జరుపుకున్నారు. లేక్ ఆఫ్ ది ఐల్స్ దగ్గర ల్యూమినరీ లాపెట్ అనే చలికాలపు వేడుక రాత్రి ఐసు దీపాల మధ్య జనం పిల్లాపాపలతో నడుస్తారు. మన పిల్లలు పుట్టిన ఊరిది. ఇక్కడి చలికాలాన్ని వాళ్లు అద్దంలోంచి చూసి పెరగాలా? ముగ్గు కూడా వాకిట్లో వేసేదే కదా!

చలి కంటే తడి ప్రమాదం. నూలు గ్లౌజు నీళ్లు పీల్చుకుంటే వేళ్లు నిమిషాల్లో కొంకర్లు పోతాయి. నీరు ఇంకని మిటెన్లు, లోపల ఉన్నివి, సంచిలో మరో జత ఉండాలి. పోయినసారి ఏడుగురు మామూలు స్నీకర్లతో వచ్చారు, ఒకరైతే క్రాక్స్‌తో. వాళ్లందరి కార్లలో సీటు హీటర్లున్నాయని తెలిసి ఊరట చెందాను. ఇంకో విన్నపం: అంచులు చిత్రిక పట్టి నునుపు చేసిన దీపాలు మూడు వచ్చాయి. చాలా బాగున్నాయి. నాన్నగార్లకు మార్కులు వేసే పద్ధతి మన బడిలో లేదు.

ఫీజు బాకీలు నెలాఖరుకు. వాచకం రెండో భాగం వచ్చింది, తీసుకెళ్లండి. బడి వదిలేది అయిదున్నరకు, ఆరింటికి కాదు.

వచ్చే శనివారం మళ్లీ దీపాలు. గాలితో కలిపి చలి సున్నా ఫారెన్‌హీట్ కన్నా దిగితే బయట మేమే పేరుస్తాం, పిల్లలు లోపలే ఉంటారు. ఆ కబురు మధ్యాహ్నం రెండింటికల్లా గ్రూపులో పెడతాం. ఫోన్ చేసి అడగనక్కర్లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు