ఒంటిగంట పాలు మోసిన ఆటో అన్నకు

నిన్న సాయంత్రం బాబును ఇంటికి తెచ్చుకున్నాం. 46 రోజులు. పుట్టినప్పుడు 1,180 గ్రాములు, నిన్న 1,910. కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు. రాసింది అటూ ఇటూ అయితే ఏమనుకోకండి. ఇవాళ రాయకపోతే మళ్లీ రాయలేనేమో అనిపించి కూర్చున్నాను.

మా ఆవిడకు బీపీ పెరిగి 30 వారాలకే ఆపరేషన్ చేశారు. కాన్పు వరంగల్‌లో. అక్కడ పసిపిల్లల ఐసీయూలో ఖాళీ లేదని బాబును హన్మకొండలో వేరే ఆస్పత్రికి పంపారు. బీపీ దిగక ఆమె తొమ్మిది రోజులు మంచం దిగలేదు. తల్లి ఒక చోట, బిడ్డ ఒక చోట, మధ్యలో నేను.

హన్మకొండ డాక్టర్ గారు మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఇంత ముందుగా పుట్టిన బిడ్డల పేగులు ఇంకా ముదరవట. లోపలి పొర పలచగా ఉంటుంది, క్రిములను ఆపే శక్తి ఉండదు. అందుకే ఎన్‌ఈసీ అనే పేగుల జబ్బు రావచ్చు, పేగు వాచి, ముదిరితే కొంత భాగం చచ్చిపోయి చిల్లు పడుతుంది, అప్పుడు ఆపరేషనే అన్నారు. 'మీరు చేయగలిగింది ఒక్కటే, తల్లిపాలు తెండి. ముర్రుపాలు నాలుగు చుక్కలైనా సరే' అన్నారు. నోట్లోంచి కడుపులోకి వేసిన సన్నటి గొట్టంలో రెండు గంటలకోసారి ఒక్క ఎంఎల్. అంతే. బిడ్డ తట్టుకుంటున్న కొద్దీ రోజూ కొంచెం పెంచుతారు.

ఆ మొదటి రోజుల్లో ఆమె పిండిన చుక్కలు ఆ పూటకే సరిపోయేవి, నిల్వ పెట్టేంత మిగిలేవి కావు. పగలు ఎలాగో తిరిగాను. రెండో రోజు రాత్రి పది దాటాక చిన్న సీసా చొక్కా జేబులో పెట్టుకుని బయటికొస్తే గేటు దగ్గర ఒక్క ఆటో ఉంది. పోచమ్మ మైదాన్ దాటేసరికి 'ఏంది తమ్మీ, జేబు మీంచి చెయ్యి తీస్తలేవు' అని అడిగాడు అన్న. చెప్పాను. ఇంకేం అడగలేదు. హన్మకొండ చౌరస్తా దాకా ఒక్క గుంతలో కూడా బండి ఎగరనివ్వలేదు. దిగాక 'మల్ల ఎప్పుడు?' అన్నాడు. ఒంటిగంటకు అన్నాను.

ఒంటిగంటకు గేటు దగ్గర ఉన్నాడు. సీటు పక్కన చిన్న ఐస్ డబ్బా. ఇంటికెళ్లి కడిగి, ఫ్రిజ్‌లోంచి ఐస్ నింపుకుని, దాని మీద ఉతికిన తువ్వాలు పరిచి తెచ్చాడు. 'జేబుల ఒంటి వేడి తగుల్తది తమ్మీ, ఇండ్ల పెట్టు' అన్నాడు. పాలు బయట నాలుగు గంటలకు మించి ఉంచొద్దని సిస్టర్ నాకు చెప్పింది, నేను అన్నకు చెప్పలేదు. ఆయనకే తట్టింది.

ఆ రోజు నుంచి రోజూ రాత్రి పది, ఒంటిగంట, నాలుగు. మొదటి ట్రిప్పుకు తప్ప డబ్బులు తీసుకోలేదు. బలవంతం చేస్తే 'బాబు ఇంటికొచ్చినాక లెక్క చూద్దాం' అనేవాడు. ఒకసారి ఫోన్ చేస్తే ఆయన స్క్రీన్ మీద నా పేరు కనబడింది. 'పాల బాబు నాయిన' అని సేవ్ చేసుకున్నాడు. బాబుకు మేమింకా పేరే పెట్టలేదు.

ఆరో రోజు రాత్రి బాబు పొట్ట ఉబ్బింది. గొట్టంలోంచి ఆకుపచ్చ పసరు వచ్చింది. ఎక్స్‌రే తీశారు, పాలు పూర్తిగా ఆపేశారు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు, కడుపులో గాలి బయటికి రావడానికి గొట్టం తెరిచి ఉంచారు. ఎన్‌ఈసీ మొదటి దశ అని అనుమానం అన్నారు. నేను తెచ్చిన ఒంటిగంట సీసాను సిస్టర్ తీసుకుని ఫ్రీజర్‌లో పెట్టింది. కిందికొచ్చి 'పాలు వద్దన్నారన్నా' అన్నాను. అన్న డబ్బా మూత మెల్లగా పెట్టి, తువ్వాలు దులిపి మళ్లీ కప్పాడు. 'చెల్లెకు చెప్పు, పిండుడు ఆపొద్దని. ఆపితే పాలు గుంజుకపోతయ్. బాబు మల్ల అడుగుతడు' అన్నాడు. నేను ఆ మెట్ల మీద కూలబడి ఏడ్చాను. అప్పటిదాకా ఇంట్లో ఎవరి ముందూ ఏడవలేదు. ఆయన ఏమీ అనలేదు. ఇంజిన్ ఆపేసి పక్కన కూర్చున్నాడు. నాలుగింటికి పాలు మోసే పని లేదని తెలిసి కూడా వచ్చాడు.

ఏడు రోజుల తర్వాత మళ్లీ ఒక్క ఎంఎల్‌తో మొదలుపెట్టారు. దేవుడి దయ, డాక్టర్ల జాగ్రత్త, ఆపరేషన్ దాకా పోలేదు. ఆమె ఆపకుండా పిండిన పాలే ఉన్నాయి.

మా అమ్మ, అత్తమ్మ, అన్నయ్య, బావ అందరూ నిలబడ్డారు. డబ్బులు సర్దారు, ఆమెను చూసుకున్నారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం మింగలేకపోతున్నాను. కాన్పు అయిన చోట రెండో రోజే ఒకావిడ వచ్చి ఫలానా కంపెనీ డబ్బా పాలు తెచ్చుకోండని చీటీ మీద పేరు రాసిచ్చింది. ఆస్పత్రుల్లో డబ్బా పాలను ప్రచారం చేయకూడదని 1992లో చేసిన చట్టం ఉంది. డబ్బా పాలు తాగిన ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వస్తుందని కాదు. తల్లిపాలు తాగినా రాదన్న గ్యారంటీ లేదు, మావాడికే అనుమానం వచ్చింది. కానీ తల్లిపాలతో ఆ ముప్పు బాగా తగ్గుతుందని డాక్టర్లే చెబుతున్నప్పుడు, పాలు పిండడం నేర్పించే ముందు చీటీ ఎందుకివ్వాలి? తల్లికి పాలు రాకపోతే పరీక్షలు చేసిన దాతల పాలను 62.5 డిగ్రీల్లో అరగంట వేడి చేసి ఇచ్చే మిల్క్ బ్యాంకులు ఉంటాయి, హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో ఉంది. ఆ సంగతి కూడా మాకక్కడ ఎవరూ చెప్పలేదు. తల్లీబిడ్డల్ని రెండు ఆస్పత్రుల్లో పెట్టి పాలు తెమ్మంటే, ఆటో దొరకనివాళ్ల సంగతేంటి? ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి, ఇక్కడ ఎవరూ తెలియనివాళ్లు ఏం చేస్తారు?

అయ్యో, ముఖ్యమైనవాళ్లను మరిచిపోయాను. చేత్తో పాలు పిండడం ఓపిగ్గా నేర్పిన నైట్ డ్యూటీ సిస్టర్. ఐసు కరిగిపోయిన రోజు తన ఫ్రిజ్‌లోంచి ఇచ్చిన మెడికల్ షాపు అక్క. ఆ రాత్రి మెట్ల మీద నాకు టీ తెచ్చిచ్చిన వాచ్‌మన్ తాత. పక్క పడక బిడ్డ తల్లి, కరీంనగర్ అమ్మాయి, నేను లేనప్పుడు అద్దంలోంచి మావాణ్ణి చూసి ఫోన్ చేసేది. ఇంకా రక్తం ఇచ్చిన యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు ఇద్దరు, పేర్లు కూడా అడగలేదు, క్షమించండి తమ్ముళ్లూ.

అన్నా, మీ కోడలు పిల్ల ఇది చదివి వినిపిస్తానంది. మీ ఐస్ డబ్బా, తువ్వాలు మా ఇంట్లోనే ఉన్నాయి. తువ్వాలు ఉతికి మడతపెట్టింది మా ఆవిడ. బాబు బయటికి రావడానికి డాక్టర్ ఇంకో నెల ఆగమన్నారు. మీరే రండి. లెక్క చూడాలి.