ఫిబ్రవరి వార్తాలేఖ: యూనివర్సిటీ నుంచి తిరిగొచ్చిన మన ముగ్గురు పిల్లల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఇంటర్ ప్రాక్టికల్స్ గురించి వివరంగా రాద్దామనుకున్నాను. కానీ మీరెవరూ వాటి గురించి మాట్లాడుకోవడం లేదు. నిరుడు మన దగ్గర ఇంటర్ పాసై డిగ్రీకి యూనివర్సిటీలో చేరిన పిల్లల్లో ముగ్గురు సంక్రాంతికి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళలేదు. బస్టాండులో అదే మాట, కిరాణా కొట్టు ముందు అదే మాట, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులోనూ అదే. "ప్రిన్సిపాల్ మేడం మాట విని గవర్నమెంటు యూనివర్సిటీకి పంపితే చూడండి ఏమైందో" అని ఒకరు పెట్టిన వాయిస్ మెసేజ్ నా దాకా వచ్చింది. ఆ గొంతు ఎవరిదో తెలుసు, వారి మీద కోపమేమీ లేదు. కానీ దాని కింద అంతమంది దండం బొమ్మలు పెట్టారు చూడండి, అందుకే ఈ ఉత్తరం.

ముందు చిల్లర పనులు. ఇంటర్ ప్రాక్టికల్స్ టైమ్ టేబుల్ నోటీసు బోర్డు మీద ఉంది, గ్రూపులోనూ పెట్టాం. పదో తరగతి సాయంత్రం స్పెషల్ క్లాసులు నడుస్తూనే ఉంటాయి, చివరి బస్సు తప్పిపోతుందనుకునే వాళ్ళు ఆఫీసులో పేరు రాయించండి. విద్యార్థులకిచ్చే అపార్ ఐడీ నంబరు కోసం ఆధార్‌లో పేరు సరిచేయించని వాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి ఈ వారంలో ఆ పని కానివ్వండి. నీళ్ళ ట్యాంకు కడిగించాం.

ఇక అసలు సంగతి. ఆ ముగ్గురి పేర్లు ఇక్కడ రాయను, వాళ్ళు చేరిన చోటు పేరూ రాయను. ముగ్గురితోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడాను. మీరంటున్నట్టు చదువు రాక వచ్చేసిన వాళ్ళు ఒక్కరూ లేరు. ఒకబ్బాయికి చరిత్ర అంటే ప్రాణం, ఇంటర్‌లో మా లెక్చరర్‌ను ప్రశ్నలతో నిలబెట్టేసేవాడు. వాడు చేరింది బీకాం కంప్యూటర్స్‌లో. ఎందుకు చేరావురా అంటే, డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టే 'దోస్త్' ఉంది కదా, అందులో వెబ్ ఆప్షన్లు నెట్ సెంటర్ అన్న పెట్టాడు మేడం, జాబ్స్ ఉంటాయన్నాడు అన్నాడు. మూడేళ్ళ చదువు ఏదో నిర్ణయించింది పేజీకి ఇంత అని డబ్బు తీసుకునే మనిషి! అప్పుడు వాళ్ళ నాన్న పక్కనే ఉన్నారట, ఫోన్లో మాట్లాడుతూ. రెండో అబ్బాయికి హాస్టల్ సీటు రాలేదు, ప్రైవేటు హాస్టల్లో ఉన్నాడు, నెలనెలా డబ్బు అడగాలంటే మొహమాటపడి సాయంత్రాలు డెలివరీ పనికి ఎక్కాడు, పొద్దున క్లాసులు పోయాయి, హాజరు పడిపోయింది, హాజరు తగ్గితే స్కాలర్‌షిప్ రాదన్నారు, ఇంక చదివి ఏం చేయాలి అనుకున్నాడు. వరసగా ఒకదాని వెనక ఒకటి. మొదట్లోనే ఎవరో ఒకరు ఒక చిన్న మొత్తం సర్దితే మిగతావేవీ జరిగేవి కాదు. అమ్మాయి సంగతి అందరికీ తెలుసు: సంబంధం చూశారు.

యూనివర్సిటీల్లో అంతా బాగుందని నేనూ అనను. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ళ తరబడి భర్తీ కాని పోస్టులున్నాయి, కాంట్రాక్టు, పార్ట్ టైమ్ వాళ్ళతో నెట్టుకొస్తున్న విభాగాలున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేటు కాలేజీలు బంద్‌లు పెట్టడం మీరూ పేపర్లో చూశారు. నాణ్యత పెరగాలంటే ముందు ఆ కుర్చీల్లో మనుషులుండాలి, ఆ డబ్బు వేళకు రావాలి. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. కానీ మనం ఒక సంగతి మరిచిపోతున్నాం. పిల్లలు ఎక్కువగా జారిపోయేది మొదటి ఏడాది. అందులోనూ మొదటి ఆరు నెలలు మరీ జాగ్రత్తగా ఉండాల్సినవి. ఆ ఆరు నెలలు యూనివర్సిటీ చేతుల్లో ఎంత ఉన్నాయో మన చేతుల్లోనూ అంతే ఉన్నాయి.

అమెరికాలో అట్లాంటా తెలుసు కదా, మన మండలం వాళ్ళ పిల్లలు కూడా అక్కడున్నారు. ఆ ఊళ్ళో జార్జియా స్టేట్ అని పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది. పేదింటి పిల్లలు, ఇంట్లో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు చాలామంది చదివే చోటు. 2003 నాటి లెక్క ప్రకారం, అక్కడ చేరిన నూరు మందిలో ఆరేళ్ళకైనా డిగ్రీ చేతికొచ్చింది 32 మందికే. మిగతా వాళ్ళంతా ఏమవుతున్నారని లెక్కలు తీస్తే, సెమిస్టర్ సెమిస్టర్‌కూ ఎంతోమంది కొద్దిపాటి ఫీజు బాకీకే పేరు కొట్టేయించుకుని వెళ్ళిపోతున్నారని తేలింది. కొన్ని వందల డాలర్ల బాకీ అంతే! 2011 నుంచి వాళ్ళు ఆ చిన్న మొత్తాలను యూనివర్సిటీ తరఫునే కట్టడం మొదలుపెట్టారు, పిల్లలు అడగకముందే. ఆ మరుసటి ఏడాది నుంచి ఇంకో పని చేశారు: ఎవరు తప్పు కోర్సు తీసుకున్నారు, ఎవరికి ముఖ్యమైన పేపర్లో మార్కులు తగ్గాయి, ఇవన్నీ కంప్యూటర్లో రోజూ చూసి, తేడా కనిపించగానే సలహాదారు ఆ పిల్లాణ్ణి పిలిచి మాట్లాడటం. పదేళ్ళు తిరిగేసరికి 32 కాస్తా 50 దాటింది. కొత్తగా తెలివైన పిల్లల్ని ఏరి తెచ్చుకోలేదు, ఉన్నవాళ్ళనే పోనివ్వలేదు.

మన దగ్గర అంత కంప్యూటర్ అక్కర్లేదు. ఫోన్ చేసి "ఏరా, తింటున్నావా, క్లాసుకు వెళ్తున్నావా, ఎన్ని పేపర్లు పోయాయి" అని అడిగే మనిషి ఒకరుంటే చాలు. అందుకే ఈ ఏడాది నుంచి మన దగ్గర పాసై వెళ్ళే ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒక సీనియర్‌ను జత చేస్తున్నాం. మొదటి సెమిస్టర్ అయ్యేదాకా వారానికోసారి ఫోన్. ఫోన్ ఎత్తకపోతే ఆ సంగతి నాకు తెలియాలి. పూర్వ విద్యార్థులు కొంత డబ్బు పోగు చేస్తామన్నారు, హాస్టల్ అడ్వాన్సుకో పరీక్ష ఫీజుకో అందక ఆగిపోయే వాళ్ళకోసం. రసీదు పుస్తకం ఆఫీసులో ఉంది. మీరూ ఇవ్వొచ్చు, బలవంతం లేదు.

'దోస్త్' విషయంలో మాత్రం బలవంతమే. ఇంటర్ ఫలితాలు రాగానే ఆప్షన్లు మన కంప్యూటర్ ల్యాబ్‌లోనే, లెక్చరర్ ముందు, పిల్లలే పెట్టుకోవాలి. తల్లో తండ్రో పక్కన ఉండాలి, ఫోన్ జేబులో పెట్టుకుని. స్కాలర్‌షిప్ కోసం పెట్టే ఈ-పాస్ దరఖాస్తుకు కావలసిన కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే మీసేవలో తీయించి పెట్టుకోండి, చివరి తేదీ రాత్రి నాకు ఫోన్ చేయకండి. వేలిముద్ర వేయించడం, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలపడం, ఇవి చిన్న పనులే, కానీ వీటి దగ్గరే స్కాలర్‌షిప్‌లో ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ డబ్బులు ఆగిపోతాయి. 75 శాతం హాజరు లేకపోతే అసలు రావు.

హాజరు మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. మేడారం జాతర నాలుగు రోజులు. సమ్మక్క సారలమ్మ అంటే నాకూ భక్తే, మా ఇంట్లోనూ ఎత్తు బెల్లం తూకం వేయిస్తాం. కానీ కొందరు పిల్లలు పది రోజులు కనిపించలేదు. సంక్రాంతికి ముందు రెండు రోజులు, వెనక వారం. మేనమామ పెళ్ళికి వారం. పత్తి ఏరడానికి ఎన్నో లెక్కలేదు. ఫోన్ చేస్తే "జ్వరం మేడం" అంటారు, వెనక డీజే వినిపిస్తూ ఉంటుంది. మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు, కూలి దొరక్కపోతే ఎవరు ఏరతారు అంటే నా దగ్గరా జవాబు లేదు. అయితే ఆరో తరగతి నుంచి "బడి కావాలంటే మానొచ్చు" అని ఇంట్లో నేర్చుకున్న పిల్ల, పద్దెనిమిదేళ్ళకు ఊరు కాని ఊళ్ళో ఒంటరిగా ఉన్నప్పుడు పొద్దున్నే లేచి క్లాసుకు ఎందుకు వెళ్తుంది? అక్కడ డైరీలో సంతకం అడిగే వాళ్ళుండరు. ఇంకో సంగతి, రాత్రి పదకొండు దాటాక మన గ్రూపులో తొమ్మిదో తరగతి పిల్లలు మీ నంబర్ల నుంచి స్టిక్కర్లు పెడుతున్నారు. మీ ఫోన్ మీ దగ్గర లేదని దాన్నిబట్టే నాకు అర్థమవుతోంది. హాస్టల్లో ఉన్న ఆడపిల్లలకు రాత్రిళ్ళు ఫోన్ చేసి ఇంట్లో గొడవలు చెప్పుకునే తల్లులకు కూడా ఒక మనవి: ఆ పిల్ల తెల్లారి పరీక్ష రాయాలి, మీరు ఆమెతో చెప్పేవి మీ అక్కతో చెప్పుకోండి.

ఇప్పుడు లైబ్రరీ. మీలో కొందరికి నవ్వొస్తుందని తెలుసు, మేడం మళ్ళీ మొదలుపెట్టింది అని. నవ్వండి. యూనివర్సిటీలో మన పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో తిరిగొచ్చిన వాళ్ళూ నిలబడ్డ వాళ్ళూ ఒకేలా చెప్పారు: అరవై పేజీల పుస్తకం ఇచ్చి చదివి రమ్మంటే ఎలా చదవాలో తెలియదు. ఇక్కడ మనం గైడు కొనిచ్చాం, ఇంపార్టెంట్ ప్రశ్నలు గుర్తు పెట్టిచ్చాం, బిట్లు బట్టీ పట్టించాం, ఇరవైకి ఇరవై వస్తే స్వీట్లు పంచాం. ఒక పాఠం తనంతట తాను చదివి, పుస్తకం మూసి, అందులో ఏముందో సొంత మాటల్లో ఒక పేజీ రాయమంటే ఎంతమంది పిల్లలు రాస్తారు? నాణ్యత అంటే కాలేజీలకు, యూనివర్సిటీలకు ఇచ్చే న్యాక్ గ్రేడు బోర్డు మాత్రమే కాదు, ఆ ఒక్క పేజీ కూడా. ఆ పేజీ రాయగలిగిన పిల్లకు సార్ రాకపోయినా లైబ్రరీ ఉంటుంది, సార్ వచ్చినప్పుడు అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది, ప్రశ్న అడిగే పిల్లలు నలుగురుంటే ఆ సార్ కూడా రేపటి పాఠం చూసుకుని వస్తాడు. గైడు మీద బతికే పిల్లలు వంద మందున్న క్లాసులో ఎంత గొప్ప ప్రొఫెసర్ అయినా డిక్టేషన్ చెప్పి వెళ్ళిపోతాడు. అందుకని ఆరు నుంచి ఇంటర్ దాకా రోజుకో లైబ్రరీ పీరియడ్, రోజుకో సొంత పేజీ, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా సరే. ఆ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టమని కొందరు అర్జీ ఇచ్చారు. ఆ అర్జీ చదివాను. పీరియడ్ అలాగే ఉంటుంది.

నిలబడ్డ వాళ్ళ గురించి మీరు మాట్లాడుకోరు కాబట్టి నేనే చెప్తాను. మన టైలర్ గారి అమ్మాయి ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాది. మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు పోయాయి, ఇంట్లో వచ్చేయమన్నారు, రానంది. రెండూ కట్టి పాసైంది, ఇప్పుడు తన హాస్టల్లో జూనియర్లకు రాత్రిపూట స్టాటిస్టిక్స్ చెబుతోంది. మొన్న మన ఇంటర్ పిల్లలతో మాట్లాడటానికి వచ్చినప్పుడు, పేపర్లు పోయిన సంగతి అందరి ముందూ నవ్వుతూ చెప్పింది. మా స్టాఫ్‌లో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు, అందులో నేను లేనని చెప్పలేను. నిరుడు పది పాసై బాసర ట్రిపుల్ ఐటీకి వెళ్ళిన ఇద్దరూ అక్కడే ఉన్నారు, ఆరేళ్ళ చదువు, పదహారేళ్ళకే ఇల్లు వదిలారు. వాళ్ళలో ఒకరి అమ్మ నాతో "ఏడిస్తే ఏడవనీ మేడం, ఫోన్ పెట్టేసి నేనూ ఏడుస్తా" అన్నారు. ఆమె ఏమీ చదువుకోలేదు. కాకతీయ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేసిన జయశంకర్ సార్ పుట్టింది అక్కంపేటలో, అదీ మన లాంటి పల్లెటూరే. ఇక మన ఎనిమిదో తరగతి ఖోఖో అమ్మాయిల గురించి మొదలుపెడితే ఈ కాగితం చాలదు, వచ్చే నెల రాస్తాను, ఫోటోలతో సహా.

ఒక నాన్నగారు అడిగారు, కొత్త విద్యావిధానంలో ఏడాది చదివి మానేసినా సర్టిఫికెట్ ఇస్తారట కదా, ఇంకేం నష్టం అని. 2020 విధానంలో ఆ మాట ఉంది. అది మధ్యలో ఆగిన వాళ్ళు మళ్ళీ వచ్చి చేరడానికి పెట్టిన వెసులుబాటు, ఆగిపోమని చెప్పడం కాదు. ఆ ఏడాది కాగితం చూసి ఉద్యోగం ఇచ్చే వాళ్ళెవరైనా ఉంటే నాకు చూపించండి.

ప్రైవేటు యూనివర్సిటీకి పంపుతామంటున్న వారికి అడ్డు చెప్పను, మీ డబ్బు మీ ఇష్టం. అప్పు తెచ్చి పంపే వాళ్ళు మాత్రం, మొదటి ఏడాది అయ్యాక పిల్లాడు వచ్చేస్తే ఆ అప్పు ఏమవుతుందో కాగితం మీద రాసుకుని పంపండి. అక్కడి నుంచీ పిల్లలు వెనక్కి వస్తున్నారు. వాళ్ళ గురించి వాట్సాప్‌లో రాదు, అంతే తేడా.

ముగ్గురిలో డెలివరీ పనికెళ్ళిన అబ్బాయి తిరిగి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. హాజరు సంగతి మాట్లాడటానికి మా లెక్చరర్ ఒకరు తోడు వెళ్తున్నారు. చరిత్ర అబ్బాయికి వచ్చే 'దోస్త్'లో మళ్ళీ పెట్టిస్తాం. అమ్మాయి వాళ్ళ నాన్నగారితో ఇంకా మాట్లాడుతున్నాను, ఆ ఇంటికి చుట్టాలైన వాళ్ళు మీలో ఉన్నారు, మీరూ ఒక మాట చెప్పండి.

వచ్చే రెండో శనివారం మధ్యాహ్నం రెండింటికి ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల సమావేశం. టైలర్ గారి అమ్మాయి మళ్ళీ వస్తానంది. తండ్రులు మాత్రమే వచ్చి సంతకం పెట్టి వెళ్ళడం కాదు, తల్లులూ రావాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం జిరాక్సులు తెచ్చుకోండి. రాలేని వారు ముందు రోజు సాయంత్రంలోపు ఆఫీసుకు చెప్పండి, సమావేశం మర్నాడు నేనే మీ ఇంటికి వస్తాను, టీ పెట్టి ఉంచండి.

మీ
ప్రిన్సిపాల్