ఆదివారం సంతకం: రాష్ట్ర హోం మంత్రికి బహిరంగ లేఖ

అయ్యా / అమ్మా,

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. అలిపిరి వైపు ఆటో నడుపుకునే నా పాత శిష్యుడొకడి గురించి రాస్తున్నాను. పేరు రాయను. ఉన్న పేరుతోనే వాడు చాలా పడుతున్నాడు.

పంతొమ్మిదేళ్లప్పుడు రెండు గుంపులు కొట్టుకుంటే వాడూ చెయ్యి చేసుకున్నాడు. తప్పే. కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. రౌడీ షీటు మాత్రం మూతపడలేదు. ఎనిమిదేళ్లుగా ఆదివారం పొద్దున స్టేషన్లో సంతకం. కౌన్సెలింగ్ పేరుతో వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు, అది వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది. కుదిరిన సంబంధం ఒకటి ఆ ఫొటోతోనే పోయింది. ఆటోకు నాలుగు డబ్బులొచ్చేది బ్రహ్మోత్సవాలప్పుడు. ఆ తొమ్మిది రోజులూ ‘కొండ దరిదాపుల్లో కనపడొద్దు’ అంటారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాణ్ణే దొంగని తేల్చేస్తాం. వారం వారం పిలిచి నువ్వే దొంగవంటే ఎవరి చెయ్యి భుజం మీదికి పోదు?

అమెరికా సోషియాలజిస్టు ఎడ్విన్ లెమర్ట్ 1951లోనే ఈ సంగతి విడదీసి చెప్పాడు. మొదటి తప్పు వేరు, ముద్ర పడ్డాక ఆ ముద్రకు తగ్గట్టు బతకడం వల్ల జరిగే తప్పు వేరు. 1963లో అక్కడి సోషియాలజిస్టే హోవర్డ్ బెకర్ ఇంకో అడుగు వేశాడు: విచలనం, అంటే దారి తప్పడం, చేసిన పనిలో ఉండేది కాదు, నియమాలు పెట్టి, వాటిని ఫలానావాడికి అంటగట్టి, బయటివాడని ముద్ర వేయడంలో ఉంటుందన్నాడు. (ఆయన జాజ్ పియానో కూడా వాయించేవాడు. జనం బయటివాళ్లుగా చూసిన ఆ వాయిద్యగాళ్ల మధ్య కూర్చున్నవాడి మాట అది.) ఈ సిద్ధాంతంతో అన్నీ తేలవు. మావాడు ఆ మొదటి దెబ్బ ఎందుకు వేశాడో ఇది చెప్పలేదు. ఆ తర్వాతి ఎనిమిదేళ్ల గురించి మాత్రం బాగా చెబుతుంది.

మనకు ఇది అమెరికా పాఠమేమీ కాదు. 1871 నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగల లెక్కలో రాసి, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. స్టూవర్టుపురం అనగానే ఈరోజుకీ మన నోటికి ఏ మాట వస్తుందో చూసుకోండి.

పద్దెనిమిది నిండని పిల్లల మీద ముద్ర పడే మాటలు వాడొద్దని 2015 బాలల న్యాయ చట్టం అంటుంది. మావాడికి ఆ దయ ఏడాది తేడాతో తప్పిపోయింది.

అడిగేది పెద్దదేం కాదు. కేసు కొట్టేసినా, రాజీ అయినా, ఆ తర్వాత కొత్త కేసు లేనివాళ్ల షీట్లను డీఎస్పీ స్థాయిలో తిరగేయించండి. మూసేస్తే మూసేశామని కాగితం చేతికివ్వండి. ఆ ఫొటోలు ఆపించండి.

ఇంకొకటి. స్టేషను వరండాలో వారం వారం వాడి పక్కన కూర్చునేవాళ్లలో ఎర్రచందనం దుంగలు దాటించినవాళ్లూ ఉంటారు. మొన్న ఒకడు, ‘ఒక్క రాత్రి బండి తోలితే మూడు నెలల కిస్తీలు తీరతాయబ్బా’ అన్నాడంట. మావాడు ఇంకా ఏ మాటా చెప్పలేదు. ‘ఏం చేయమంటావు సార్’ అని నన్ను అడిగాడు. ఆదివారం వాళ్లిద్దరూ మళ్లీ అదే బెంచీ మీద కూర్చుంటారు.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్