మ్యాచ్‌లో కర్చీఫ్ చెల్లదు

ఎడిటర్ గారికి,

అమెరికాలో రెసిడెన్సీకి, అంటే అక్కడి ఆస్పత్రుల్లో పీజీ శిక్షణకు, ఇంటర్వ్యూలు ముగించుకున్న మన డాక్టరు పిల్లలు ఇప్పుడు ర్యాంక్ లిస్టు ముందేసుకుని కూర్చుని ఉంటారు. శిక్షణ ప్రోగ్రాంలను నచ్చిన వరసలో రాసిచ్చే లిస్టు అది. ప్రోగ్రాంలూ అభ్యర్థుల లిస్టు ఇస్తాయి. రెండింటినీ కలిపి కంప్యూటర్ సీట్లు పంచడాన్నే మ్యాచ్ అంటారు. మార్చి మొదట్లో గడువు. ఏ ప్రోగ్రాం పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. లిస్టు మేం సర్దిపెడతామంటూ డబ్బు తీసుకునే కన్సల్టెంట్లూ తయారయ్యారు. వాళ్లు చెప్పే ఒక మాట శుద్ధ తప్పు. దాన్ని నమ్మి దెబ్బతిన్నాం కాబట్టి రాస్తున్నాను.

“పెద్ద ప్రోగ్రాం మొదట పెట్టి నంబర్ వన్ వృథా చేసుకోకు, ఖాయంగా తీసుకునేదాన్ని పైన పెట్టు.” ఇదీ ఆ మాట. ఎంసెట్ నాటి నుంచి కటాఫ్‌లు చూసి ఆప్షన్లు పెట్టిన తల్లిదండ్రులం కదా, వినగానే సబబుగానే తోచింది.

రెండేళ్ల కిందట మా అబ్బాయికి ఇంటర్నల్ మెడిసిన్‌లో ఆరు ఇంటర్వ్యూలు వచ్చాయి. అన్నీ జూమ్‌లోనే, మనకు రాత్రిపూట. పైన కోటూ టై, కింద లుంగీ. ఒక్కోటి అవగానే పాకెట్ డైరీలో రాసుకునేవాడు. ఒక ప్రోగ్రాం గురించి ఇలా రాశాడు: “డైరెక్టర్ కాల్‌లోంచి వెళ్లిపోయాక కూడా రెసిడెంట్లు అదే మాట చెప్పారు. నవ్వుకుంటూ ఉన్నారు.” వాడి మనసు అక్కడే ఉంది. ఈలోగా ఇంకో చోటి నుంచి ఆప్యాయంగా ఒక మెయిల్ వచ్చింది. కన్సల్టెంట్ దాన్నే మొదట పెట్టమన్నాడు. నేనూ వంత పాడాను. అదే వచ్చింది, స్వీట్లు పంచాం. చేరిన ఏడాదిలోనే అక్కడ ఇద్దరు రెసిడెంట్లు మానేసి వెళ్లిపోతే వాళ్ల డ్యూటీలు మిగిలినవాళ్ల మీద పడ్డాయి. డైరీలో నవ్విన ఆ ప్రోగ్రాంవాళ్లు మావాణ్ణి ఎన్నో స్థానంలో పెట్టుకున్నారో మాకు ఎప్పటికీ తెలియదు. ఆ లిస్టులు బయటపెట్టరు.

తర్వాత తీరిగ్గా చదివితే గానీ బోధపడలేదు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే సీటు మనది. మ్యాచ్‌లో కర్చీఫ్ చెల్లదు. కంప్యూటర్ ముందు మన మొదటి ప్రోగ్రాం తలుపు తడుతుంది. అక్కడ సీట్లన్నీ వాళ్లకు మనకంటే నచ్చినవాళ్లతో నిండితే రెండోదానికి వెళ్తుంది. ఆ రెండోచోట అప్పటికే ఎవరైనా కూర్చుని ఉన్నా, వాళ్ల లిస్టులో మన పేరు పైనుంటే అతణ్ణి లేపి మనల్ని కూర్చోబెడుతుంది. ముందొచ్చామా వెనకొచ్చామా అన్నది లెక్కలోకి రాదు. మనం వాళ్లను రెండో స్థానంలో రాశామని వాళ్లకు తెలియదు కూడా. అందని ప్రోగ్రాం పైన పెట్టినందువల్ల కింది దాంట్లో మన అవకాశం ఆవగింజంత కూడా తగ్గదు. లెక్కను ఇలా అభ్యర్థి వైపు నుంచి నడిచేలా 1998 మ్యాచ్ నుంచి మార్చారు. ఆ మార్పు చేసినవాళ్లలో ఒకరైన ఆల్విన్ రాత్‌కు 2012లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. ఆయన ఇంత కష్టపడి తిప్పిన లెక్కను మన కన్సల్టెంట్లు ఫీజు పుచ్చుకుని మళ్లీ వెనక్కి తిప్పుతున్నారు!

ఆప్యాయత మెయిళ్లకు విలువ లేదు. మమ్మల్ని ఎన్నోది పెడతావని ప్రోగ్రాం అడగడానికే నిబంధనలు ఒప్పుకోవు.

లిస్టు కుదించడం మాత్రం ప్రమాదం. 2025లో అమెరికా ఎండీ (అక్కడది మన ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ) విద్యార్థుల్లో 93 శాతానికి పైగా మ్యాచ్ అయితే, మన పిల్లల్లా బయటి దేశంలో చదివిన బయటి దేశస్థుల్లో అయింది సుమారు 58 శాతం మందికి. ఇంటర్వ్యూ ఇచ్చినవన్నీ రాయాలి. చచ్చినా వెళ్లననుకున్నది ఒక్కటే వదిలేయాలి. ఎందుకంటే వచ్చాక వెళ్లి తీరాలి, అది ఒప్పందం.

ఇక వీసా. శిక్షణ కోసం ఇచ్చే జే-1 వీసా అయితే చదువయ్యాక రెండేళ్లు ఇంటికి రావాలి, లేదా డాక్టర్ల కొరత ఉన్న ఊళ్లో పనిచేసే షరతు మీద మినహాయింపు తెచ్చుకోవాలి. ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీకి అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3 పాసై ఉండాలి. పైగా 2025 సెప్టెంబరులో హెచ్-1బీ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. లిస్టు ఖరారు చేసేలోపే ఏ వీసా ఇప్పిస్తారో ప్రోగ్రాంను అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకోవాలి. ఇక న్యూజెర్సీలో పెదనాన్న ఉన్నాడని న్యూజెర్సీ పైన పెట్టించేవాళ్లూ ఉన్నారు. వారానికి ఎనభై గంటల దాకా డ్యూటీ చేసేవాడికి పెదనాన్న ఇంట్లో భోజనం నెలకోసారి దొరికితే గొప్ప.

మన మెడికల్ కాలేజీల్లో చదివి అక్కడ రెసిడెన్సీ చేస్తున్నవాళ్లు వందల్లో ఉన్నారు. ఏటా ఫిబ్రవరిలో కాలేజీ తరఫున ఒక గంట జూమ్‌లో వాళ్లచేత మాట్లాడిస్తే ఎవరికీ రూపాయి ఖర్చుండదు. ప్రిన్సిపాళ్లు ఆలోచించాలి.

ఈసారి మా మేనకోడలి వంతు. తొమ్మిది పేర్లున్నాయట. ఏ వరసలో పెట్టావని నేను అడగలేదు. వీసా సంగతి కనుక్కున్నావా అని మాత్రం అడిగాను.

— ఒక రెసిడెంట్ డాక్టర్ తండ్రి, గుంటూరు