హెపటైటిస్ బి టీకా: ఆరు నెలల లెక్క

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూలై 28న ప్రపంచ హెపటైటిస్ దినం పేరిట ఆసుపత్రి గోడలకు బ్యానర్లు కడుతున్నాం కానీ, హెపటైటిస్ బి ముప్పు ఎక్కువగా ఉన్న గే పురుషుల దగ్గరికి టీకాను తీసుకువెళ్లాలన్న మాట అంతగా వినిపించదు. నిజానికి ఆ టీకా పనిచేస్తుందని రుజువైంది వారి చేతుల మీదుగానే. 1978లో న్యూయార్క్‌లో డాక్టర్ వుల్ఫ్ ష్మునెస్ మొదలుపెట్టిన ప్రయోగంలో 1,083 మంది స్వలింగ సంపర్క పురుషులు స్వచ్ఛందంగా చేరి, తమకు ఇచ్చేది టీకానో ఉత్తుత్తి మందో తెలియకుండానే సూదులు వేయించుకున్నారు. 1980లో ఫలితాలు వెలువడ్డాయి. మరుసటి ఏడాదే అమెరికాలో అనుమతి లభించింది. దిగుమతి టీకా సామాన్యుడికి అందని ధర పలికే రోజుల్లో, 1997లో, హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ స్వదేశీ టీకాను తెచ్చి దాన్ని చవక చేసింది.

పసిపిల్లల టీకాల జాబితాలోకి ఇది దేశమంతటా చేరేసరికి 2011 వచ్చింది గనుక, ఇప్పుడు పాతికేళ్లు దాటినవారిలో చాలామందికి ఆ రక్షణ లేదు. రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా ఈ వైరస్ హెచ్‌ఐవీ కన్నా సులువుగా సోకుతుంది. ఏళ్ల తరబడి పైకి కనిపించకుండానే కాలేయాన్ని తినేస్తుంది. (కళ్లు పచ్చబడ్డాక పసరు మందుకు పరుగెత్తే మన అలవాటు సంగతి వేరే చెప్పాలా?)

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసిన రోజుల్లో, ఈ టీకా కావాలని వచ్చిన ఒక యువకుణ్ణి కౌంటర్ దగ్గర పదిమంది ఎదుట ‘నీకెందుకు?’ అని ఆరా తీశారు. అతను మళ్లీ రాలేదు.

కొత్త వ్యవస్థ ఏదీ అక్కర్లేదు. హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమంలో భాగంగా స్వచ్ఛంద సంస్థలు నడిపే డ్రాప్ ఇన్ సెంటర్లలో ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోమని ఈ పురుషులకు ఎలాగూ చెబుతున్నారు. అక్కడి పీర్ ఎడ్యుకేటర్లు వారిలోని వారే. పరీక్ష రోజున రక్తనమూనా తీసుకుని మొదటి మోతాదు వేస్తే, నెల తర్వాత రెండోది వేయవచ్చు; ఆరు నెలలకు వేయవలసిన మూడోది సరిగ్గా తర్వాతి పరీక్షకు కలిసివస్తుంది. వైరస్ ఉన్నట్టు తేలినవారికి 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచిత చికిత్స ఉండనే ఉంది. ఏఎన్‌ఎంలు పల్లెలకు మోసుకెళ్లే టీకా పెట్టె ఒకటి, వారానికొక సాయంత్రం, పగలు పని మానుకుని నలుగురి కంటా పడుతూ రాలేనివారి కోసం, ఈ కేంద్రాలకు పంపవలసిందిగా రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, హైదరాబాద్