గాంధీజీ తప్పులు కూడా పిల్లలకు చెప్పాలి

గాంధీజీ పుట్టుకతోనే మహాత్ముడన్నట్టు పిల్లలకు చెబుతూ, ఆయన చేసిన తప్పులు, పడిన సిగ్గు దాచేస్తున్నాం. మొన్న అక్టోబరు 2న ఓ పాఠశాల సభకు వెళ్లాను. పుట్టిన తేదీ, ఉప్పు సత్యాగ్రహం, అహింస అంటూ పిల్లలందరూ ఒకే పాఠం అప్పజెప్పారు. పదిహేనేళ్ల వయసులో ఆయన తన అన్న దండకడియంలోంచి కాస్త బంగారం దొంగిలించారని, ఆ బరువు మోయలేక తప్పంతా కాగితం మీద రాసి మంచం పట్టిన తండ్రి చేతికిచ్చారని, తండ్రి కన్నీళ్లతో ఆ కాగితం తడిసిందని, ఆయన పల్లెత్తు మాట అనకుండా దాన్ని చించేశారని ఒక్కరూ చెప్పలేదు. డర్బన్‌లో మలమూత్రాల కుండ ఎత్తే విషయంలో గొడవపడి కస్తూర్బాను చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లడం మరీ ఘోరం. అదీ ఆయన స్వయంగా రాసుకున్నదే, ఎవరో తవ్వి తీసింది కాదు. మనం దాచిన ఈ సంగతులే రేపు పిల్లలు ఫోన్లో వంకర టింకరగా చూస్తారని నా టెన్షన్. అందుకే హైస్కూలు పిల్లల చేత ఆయన ఆత్మకథలోని దొంగతనం, ప్రాయశ్చిత్తం అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు చదివించాలి. వచ్చే జయంతి రోజున ప్రసంగాల పోటీకి బదులు ఒక విద్యార్థి దాన్ని సభలో పైకి చదివితే చాలు.